మోయ

జూలైలో మహబూలాలో
చన్నీళ్ళ కుళాయి తిప్పినా చెయ్యి కాలుతుంది.
అందుకే గురువారం రాత్రే
పెద్ద తొట్టి నింపి ఏసీ కింద పెట్టాం,
తెల్లారితే నా బాప్తిస్మం.

రెండో కీర్తన మధ్యలో తలుపు చప్పుడు.
మా చెప్పుల గుట్ట మీద కూలబడి
ఒక ఇథియోపియా పిల్ల,
ఏ ఇంట్లోంచి పారిపోయి వచ్చిందో,
తారురోడ్డు మీద ఎంత దూరమో,
అరికాళ్ళ నిండా బొబ్బలు.
"మోయ" అంది.
అరబ్బీలో అది నీళ్ళు.
కోడూరు వాణ్ణి, నాకు
మోయమన్నట్టే వినపడింది.

ఇద్దరం మోసుకొచ్చాం.
ఆ ఫ్లాటులో చల్లనివంటే తొట్టి నీళ్ళే.
పాస్టరు ఎలీషా, వారమంతా క్రేన్ తోలే మనిషి,
బైబిలు మూసి, చేతులు మడిచి
ఆమె కాళ్ళు అందులో ఉంచాడు.
సువార్తమ్మ గంజి కాచడానికి లేచింది.
"పోలీసులొస్తే?" అన్నారెవరో వెనక నుంచి.
ఎవరూ జవాబు చెప్పలేదు.
ఎవరూ లేచి వెళ్ళనూ లేదు.

మధ్యాహ్నమైంది.
తొట్టి అడుగున ఇసుక, కాస్త నెత్తురు.
"నీళ్ళు మార్చమంటావా తమ్ముడూ?"
వద్దన్నాను.

మునిగి లేచేసరికి
చాప మీంచే చెయ్యి చాచి
నా తువ్వాలు అందిస్తోంది.
అప్పటికింకా ఆమె పేరు
మాలో ఎవరికీ తెలీదు.