వేడి పోయిన మిషను

ఎర్రగుంట్లలో ఎండకు కరువు ల్యా.
మార్చి రాకముందే నాపబండ మీద కాలు పెట్టలేం.
అట్లాంటి ఊర్లో
వేడిని దుడ్డు పెట్టి కొనుక్కున్న ఇల్లు మాదొకటే.

అందరూ నవ్వినారు.
సుంకులమ్మక్క అయితే గోడ మీంచి తొంగి చూసి
"ఏం మే, సూర్యుడు మీకు బాకీ పడినాడా?" అనింది.
ఆమె దండెం మీద చీరలు కూడా
మా మాదిరే బూడిద రంగు.
ఆ మాట నేను అనలేదు.

గాలి అటునుంచి తోలితే
తడిగుడ్డ మీద సిమెంటు వాల్తాది,
మెత్తగా, జల్లించిన పిండి మాదిరి.
ఆరేసరికి చొక్కా చేతులు చాపి నిలబడతాది
లోపల మనిషి లేకుండానే.
ప్యాకింగ్ ప్లాంటులో నైట్ షిఫ్ట్ చేసొచ్చిన మా ఆయన
మాపటికి అదే తొడుక్కొని మళ్లా ఆడికే పోతాడు.
పాపకు మెడ చుట్టూ దద్దుర్లు.
అందుకే ఈ డ్రయ్యరు. క్వార్టర్స్‌లో ఇంజనీరు
బదిలీ అయి పోతా పోతా అమ్మినాడు.
ఆరు వేలు, మూడు కంతులు.

సోమవారం నుంచి
తిరుగుతాండాది, అరుస్తాండాది,
వేడి మాత్రం ల్యా.
గంట తిప్పినా గుడ్డలు
వానలో తడిసిన పిల్లికూనల మాదిరి
ఒకదాన్నొకటి కరుచుకొని.

ప్లగ్గు పీకి పెట్టినా.
ఓల్టేజి తక్కువేమోనని
రాత్రి పన్నెండుకు లేసి, ఊరు పండుకున్నాక పెట్టి చూసినా.
జల్లెడ తీసి నూగంతా దులిపినా.
బొత్తాం ఆఖరి గుర్తు దాకా తిప్పి
తలుపుకు చెంప ఆనించి కూర్చున్నా,
జ్వరం చూసినట్టు.

దస్తగిరి బోరు మోటార్లు చుట్టేటోడు.
ఇట్లాంటిది ఎప్పుడూ విప్పలేదని ముందే చెప్పినాడు.
వెనక రేకు విప్పి
మీటరు ముల్లులు రెండూ కాయిలుకు ఆనించినాడు.
కూసింది.
"ఇది బతికే ఉండాది వదినా."
ఇంకో చోట పెట్టినాడు. కూయలేదు.
తుడిచి మళ్లా పెట్టినాడు.
చింతగింజంత తెల్లది, దానికి రెండు తీగలు.
"ఫ్యూజు. లోపల ఉడుకు మితిమీరితే
మిషను కాలకుండా ఇది ముందు పోతాది."
"పోతే?"
"కొందరు తీగముక్క కలిపి ఇచ్చేస్తారు.
బాగానే పనిచేస్తాది, ఇల్లు అంటుకునే దాకా."
అప్పటికే వాని వేళ్ల మధ్య రాగితీగ ఉండాది.
పాప గడపలో కూర్చొని చూస్తాంది.
తీగ జేబులో పెట్టుకున్నాడు.

ఉడుకు యాడ ఆగిపోయిందో చూడాల కదా.
గొట్టం గోడలోంచి బయటికి పోతాది.
చెయ్యి పెడితే మణికట్టు దాటలేదు.
చీపురుపుల్ల దూరలేదు.
స్క్రూడ్రైవరు తగిలి ఖంగుమనింది.

గొట్టం కోసినాం.
గుడ్డల నూగు, గుడ్డల ఆవిరి,
ఎన్ని నీళ్లల్లో జాడించినా పోని ఆ దుమ్ము,
మూడేండ్లు కొంచెం కొంచెం కలుపుకొని
గొట్టమంత గుండ్రంగా గట్టిపడినాయి.
దస్తగిరి చేతిలో బరువు చూసి
"తాపీమేస్త్రీ లేకుండానే పోసినారే" అన్నాడు.
విరిగిన వైపు దారాలు.
నీలం మా ఆయన యూనిఫారంది.
ఎరుపు పాప రిబ్బనుది.
పసుపు మాత్రం మా ఇంట్లో ఎవరిదీ కాదు.
గొట్టం కూడా ఇంజనీరు ఇంట్లోంచే వచ్చింది కదా,
ఆమెదై ఉంటాది.

ఆ సద్దుకు మా ఆయన లేసొచ్చి
గడ్డను వేలితో రెండుసార్లు కొట్టి చూసి
"మా కంపెనీదే" అన్నాడు.
పోయి మళ్లా పండుకున్నాడు.

ఫ్యూజు ప్రొద్దుటూరు నుంచి రావాల.
గురువారం అన్నాడు, శుక్రవారమూ అయిపోయింది.
గుడ్డలన్నీ ఫ్యాను కింద, కుర్చీల మీద,
టీవీ మీద పాప గౌను.
గడ్డను పారేద్దామంటే పాప ఒప్పుకోలేదు,
గాలికి కొట్టుకునే వెనక తలుపుకు అడ్డం పెట్టినాం.

మధ్యాన్నం దాని మీద ఎండ పడతాది.
ఇందాక ఉత్తకాలితో జరపబోయి
చురుక్కుమంటే వెనక్కి తీసుకున్నా.
మిషను ఇంకా చల్లగానే ఉండాది.