వర్జీనియా

వర్జీనియా అంటే మా అమ్మమ్మకు ఆకు.
అదొక చోటని ఎవరూ చెప్పలేదు.
చుట్టుగుంట కంపెనీలో ముప్ఫై ఏళ్ళు
ఈనె తీసి, రంగు చూసి, కట్ట కట్టిన
పసుప్పచ్చని ఆకు.

కరెంటు పోయిన రాత్రి
సువార్తమ్మ బియ్యంలో రాళ్ళు ఏరుతోంది.
నేను పరీక్షకి పైకి చదువుతున్నాను:
"వర్జీనియా తోటల్లో బానిసలు..."
చేట ఆగింది.
"వర్జీనియాలో మనుషులున్నారా?"

చదివాను.
వారానికి మనిషికో కొలత మొక్కజొన్న,
కాస్త ఉప్పేసిన పందిమాంసం.
ఏడాదికో జత ముతక బూట్లు.
పిల్లలకు అవీ లేవు, మోకాళ్ళ దాకా ఒకే గోనె చొక్కా.
మట్టినేల గుడిసె. చెక్కల సందుల్లోంచి
మంచు కూడా లోపలికొచ్చి
వాళ్ళ పక్కనే పడుకునేది.

"ఆకు పురుగో?" అంది.
అదీ ఉంది అమ్మమ్మా.
వేలెడంత పచ్చపురుగు. ఏరడంలో ఒకటి తప్పిపోతే
మేస్త్రీ దాన్ని వాళ్ళ పళ్ళతోనే కొరికించేవాడు.

ఉమ్మలేదు, తిట్టలేదు.
అరచేతులు దీపం వైపు తిప్పి చూసుకుంది.
పని మానేసి పదేళ్ళు.
గీతల్లో ఆ నల్ల జిగురు ఇంకా ఉందనే ఆవిడ నమ్మకం.
"చింతపండేసి రుద్దినా పోదు. ముద్ద చేదు.
పాలిస్తే మొహం తిప్పుకునేది మీ అమ్మ."

నాకు ఆవేశమొచ్చింది.
"అంటే మీరూ వాళ్ళూ ఒకటేగా!"
"నోర్ముయ్.
గుమస్తా తిట్టాడు. తూకంలో కోసుకున్నాడు.
దొడ్డికి పోతే గంట జీతం కొట్టేశాడు.
ఆరింటికి గేటు తీశాడు. ముందు అది చెప్పు.
గేటవతల నా పిల్ల నిలబడి ఉండేది.
దాన్నెవడూ పాట పెట్టలా."

తర్వాతి పేజీకి నా గొంతు కదల్లేదు.
ఆ పేజీ అంతా వేలంపాటే.
పళ్ళు చూస్తారు. భుజం నొక్కుతారు. పరుగెత్తిస్తారు.
తల్లి ఒక లాటు,
నాలుగేళ్ళ పిల్ల వేరే లాటు.
"చదువు," అంది.

చాలాసేపటికి అడిగింది,
"ఐగుప్తు సంగతి కాదుగదా ఇది?"
కాదు.
"మరి మోషే ఎప్పుడొచ్చాడు?"
ఎదురుచూడని వాళ్ళు కొందరున్నారు అమ్మమ్మా,
ఉత్తరాన చుక్క పట్టుకుని
ఎవరి కాళ్ళతో వాళ్ళు, రాత్రిళ్ళు.
"పేర్లు?"
చాలామందికి రాయలేదు.
'ఆడది, ఇరవై రెండేళ్ళు, పొగాకు పని వచ్చు.'
అంతే.

పడుకోబోయే ముందు ప్రార్థనలో
రోగుల పేర్లయ్యాయి, అప్పులవాళ్ళ పేర్లయ్యాయి.
ఆగింది.
"పొగాకు పని వచ్చిన ఆ పిల్లని, ప్రభువా..."
తర్వాత మాట కోసం వెతికింది,
ఆమెన్ అనకుండానే దీపం ఊదేసింది.

మర్నాడు అన్నంలో పంటికింద రాయి.
ఆవిడ ఏరిన బియ్యంలో,
నాకు తెలిసి మొదటిసారి.