రెండు గంటలకోసారి

రాత్రి రెండింటికి
ఈదమ్మను పక్క మార్చాలె.

గోడమీది కాగితంల మూడే మాటలు:
కుడి, ఎడమ, వెల్లకిల.
వెల్లకిల మీద నస్రీన్ సిస్టర్
ఎర్రపెన్నుతో అడ్డగీత కొట్టింది.
మర్రిగూడ దిక్కు బోరునీళ్లు నలభై ఏండ్లు తాగిన వీపు
కొడవలి లెక్క వంగి
పరుపు మీద ఆనదు.
ఆనినకాడల్లా బొక్కే.
బొక్కకూ పరుపుకూ నడుమ చిక్కిన తోలు
ఎంతసేపని ఊపిరి బిగబడుతది?

నల్లగొండల మా హోముకు తెచ్చిననాడు చూసినం.
తోకబొక్క మీద నల్లటి పెచ్చు.
డాక్టరు కత్తెరతో ఎత్తితే
లోపల బావి.
దూదిపుల్ల పెట్టి లోతు కొలిచిన,
నా చిటికెనవేలు రెండు కణుపులు.
వాసన గురించి రాయను.
ఆమెకూ తెలుసు.
అందుకే పక్క మంచం రాములమ్మతోని
"జర కిటికీ తెరువుమను, ఉక్కపోస్తున్నది" అన్నది,
పుష్యమాసపు చలిల.

ఇరవై రెండేండ్లు గడియారం సెంటర్ల
జొన్నరొట్టెలు చేసి అమ్మిందట.
తొలిసారి నడుము కింద చేయి పెట్టి గుంజబోతే
"రొట్టెను గుంజుతరా బిడ్డా?
లేపి తిప్పాలె!" అని కసిరింది.
అప్పటిసంది గుంజుడు బంద్.
కింద దుప్పటి, ఇద్దరం చెరో కొస పట్టి
లేపి, తిప్పి,
మోకాళ్ల నడుమ ఒక దిండు,
మడిమలు గాలిల తేలేటట్టు పిక్కల కింద ఇంకోటి.
ఆ వీపు ఒంపులకు ఏ దిండూ కుదరకుంటే
నస్రీన్ సిస్టర్ తన పాత దుపట్టలు
చుట్టలు చుట్టి తెచ్చింది.

ఎర్రబడ్డ చోట వేలితో ఒత్తి చూడాలె.
తెల్లబడి, మళ్లా ఎర్రనైతే
నెత్తురింకా ఆ తొవ్వల నడుస్తున్నట్టు.
ఒత్తినా ఎర్రగనే ఉంటే
రుద్దొద్దు, నూనె పెట్టొద్దు,
బరువు దించాలె, అంతే.
కొత్తల నేనూ రుద్దేదాన్ని.
ప్రేమనుకునేదాన్ని.

అక్కబిడ్డ లచ్చవ్వ పసుపు తెచ్చింది, పుండుకు పెట్టమని.
వద్దని చెప్పలేక వంటింట్ల పెట్టిన.
వారమంతా పప్పుల పడ్డది.

పొద్దున సెలైన్ సీసా.
గోరువెచ్చగ ధార పోస్తుంటే పండ్లు బిగబట్టి
"నీళ్లే వంచినయ్,
నీళ్లతోనే కడుగుతున్నరు" అంటది.
నేనేమనాలె?
గుడ్డు తినమంట.
రెండో గుడ్డు కాడ రోజూ కొట్లాటే.

కరెంటు పోతే గాలిపరుపు గురక ఆగుతది.
ఆ నిశ్శబ్దానికి నిద్రల ఉన్నా లేస్త.
ఆ రాత్రులు గంటకోసారి.

ఏడో వారం
పుండు అడుగున ఎర్రటి కండ,
దానిమ్మ గింజలు పరిచినట్టు.
పచ్చి కండను చూసి ఇంత సంబురపడ్డది
నేనెన్నడూ లేదు.
చేతి అద్దం తెచ్చి చూపెట్టిన.
ఈదమ్మ మెడ తిప్పి, కళ్లు చికిలించి,
చాలాసేపు చూసింది.
"అంచులింకా కాలాలె" అన్నది.

మొన్న కుడి మడిమ మీద కొత్త ఎరుపు.
ఒత్తిన.
తెల్లబడ్డది.
నేను లెక్కపెట్టుకుంట నిలబడ్డ,
ఒకటి, రెండు, మూడు, నాలుగు...
ఎర్రబడ్డది.

రెండయింది.
సిస్టరు ఆ కొస, నేను ఈ కొస.
లేపినం, తిప్పినం.
కళ్లు తెరవకుంటనే అడిగింది
"పొంగిందా?"
"పొంగిందవ్వా."

కాగితం మీద రాసిన:
ఎడమ.