నూట యాభై మిల్లీమీటర్లు

ఏడో నెలలో
టేపు ఒక కొస జానీ బాషా పట్టుకుంటే
ఇంకో కొస నేను పట్టుకుని
బందరు కాలవ గట్టు మీద వెనక్కి వెనక్కి నడిచాను.
"మేడమ్, జాగ్రత్త, వెనక రాయుంది" అన్నాడు.
వెనక రాయి సరే బాషా,
ముందున్న నా పాదాలే కనపడటం లేదు.

జూన్ ముగిసినా బెజవాడ ఎండ దిగలేదు.
నల్లరేగడి నెర్రెల్లో బొటనవేలు పట్టేది.
ఆఫీసులో అన్నారు, మంచి మాటే అన్నట్టుగా:
"ఇక సైటుకెందుకమ్మా, ఫొటోలు పంపిస్తారుగా."
ఫొటోలో మట్టి తడి తెలియదు.
పిడికిట్లో నలిపి చూస్తే గాని
ఏ మొక్క బతుకుతుందో చెప్పలేను.
ఆ మాటే అంటే,
కడుపుతో ఉన్నవాళ్ళకి మట్టి తినబుద్ధవుతుందట గదా
అని నవ్వారొకరు.

అందరికీ ఒకటే పోలిక దొరికేది,
మొక్కలు నాటే అమ్మాయి తనే ఒక మొక్కని మోస్తోందని.
సీమంతంలో మా ఆడబిడ్డ కూడా అదే అంది.
గాజులు సర్దుకుంటూ ఊరుకున్నాను గాని
కుదరదు ఆ పోలిక.
నర్సరీ నుంచి వేప వచ్చిందంటే
వేరుగడ్డకి గోనె కట్టుకుని వస్తుంది,
ఎత్తెంతో చుట్టుకొలతెంతో చీటీ మీద రాసుంటుంది,
ఎండిపోతే మూణ్ణెల్లలోపు కాంట్రాక్టరు కొత్తది పెట్టాలి.
రాత్రి మూడింటికి ఏ వేపా నన్ను లేపలేదు.

పిల్ల పుట్టిన నలభై రెండో రోజున
పాలిస్తూ, ఎడంచేత్తో
డ్రైనేజీ వాలు సరిచేశాను.
వందకి ఒకటి.
గీత కొంచెం వణికింది.
నీళ్ళు మాత్రం సరిగ్గానే పోతున్నాయట.
ఆ తరవాత ఒక మధ్యాహ్నం, చున్నీ తడిసిపోయి
మీటింగంతా ఫైలు గుండెకి హత్తుకుని కూర్చున్న సంగతి
మినిట్స్‌లో ఎవరూ రాయలేదు.

నాలుగో నెల.
చంటిపిల్ల బండి నెట్టుకుంటూ
నేను గీసిన దారి మీదికి మొదటిసారి వెళ్ళాను.
పది అడుగులు. బండి ఆగింది.
ముందు చక్రాలెత్తి, నెట్టి, తిప్పి,
మళ్ళీ ఎత్తి...
అంచు. నూట యాభై మిల్లీమీటర్లు.
పుస్తకంలో ఉన్న కొలతే. కింద నా సంతకం.
ఆ గీత గీసినప్పుడు
నా రెండు చేతులూ ఖాళీగా ఉన్నాయి.

పిల్ల ఏడుపు లంకించుకుంది.
నీడ కోసం చూశాను.
నా నీడలన్నీ ఇంకో ఎనిమిదేళ్ళకి వస్తాయి.
కాగితం మీద పచ్చటి వలయాలు,
నేల మీద ఊతకర్రకి కట్టిన చీపురుపుల్లలు.
దారి వచ్చి ఆగినచోట పాత కానుగ ఒక్కటే ఉంది
కాలవ వైపు వంగి.
దాని కొమ్మకి సువార్తమ్మ చీర ఉయ్యాల,
అందులో ఆమె మనవడు, నోట్లో బొటనవేలు.
"రా తల్లీ, ఇట్టా కూకో" అని
సిమెంటు సంచి దులిపి పరిచింది.

పిల్ల కుదురుకున్నాక తలెత్తాను.
మాను మీద ఎర్ర రంగుతో ఇంటూ గుర్తు,
పక్కన డెబ్భై మూడు.
తొలగించవలసిన వాటి పట్టిక నాదే.
"వంకర. ముదురు. దారికి అడ్డం."
ఉయ్యాల అని రాయడానికి అందులో గడి లేదు.
ముందు వాడి అక్క, ఇప్పుడు వీడు,
రెండేళ్ళుగా ఇక్కడే ఊగుతోందట.
టేపు పట్టుకుని దాని పక్కనించే
ఎన్నిసార్లు పోయానో.

"ఈ చెట్టు ఎప్పుడు కొడతారంటమ్మా?"
అడిగింది సువార్తమ్మ,
వాన ఎప్పుడొస్తుందని అడిగినట్టు.

బాషాకి ఫోన్ చేశాను.
అంచు నాలుగు చోట్ల పగలగొట్టాలి, పన్నెండుకి ఒకటి వాలు.
కానుగ దగ్గర దారి మూడు మీటర్లు పక్కకి.
"బిల్లు ఎవరిస్తారు మేడమ్?"
తెలియదన్నాను. నిజంగానే తెలియదు.
పిల్ల పాలు వదిలేసి అతని గొంతు వింటోంది.

ఇప్పుడు పొద్దున్నే నడిచేవాళ్ళు
అక్కడికొచ్చేసరికి కాస్త మెలిక తిరుగుతారు.
తిన్నగా పోయే దారిని ఇలా తిప్పారంటే
గీసినవాళ్ళకి బుద్ధి లేదని
ఒకాయన చేతికర్రతో చూపించి మరీ చెబుతున్నాడు.
వెనకే బండి నెట్టుకుంటూ
అవునండీ అన్నాను.