ఇతరములు

ఉదయగిరి పశువైద్యశాల రిజిస్టర్లో
ఆవులకో గడి, గేదెలకో గడి,
జీవాలకైతే ఏకంగా రెండు పేజీలు.
చివర్న, అంచు చిరిగినచోట,
చిటికెనవేలంత గడి: ఇతరములు.
నా చదువంతా ఆ గడి కోసమే చదివాను.

తిరుపతిలో మా క్లాసు అరవైమంది.
కోళ్ల కంపెనీలు సగంమందిని తీసుకుపోయాయి.
పట్నం కుక్కలు ఇంకొందరికి ఇళ్లు కట్టించాయి.
నేను అడవి జంతువుల వైద్యంలో పై చదువు చదివి
జూలో ఆర్నెల్ల కాంట్రాక్టుకి సంతకం పెట్టాను.

మొదటి నెల సూది ముట్టుకోనివ్వలేదు.
పేడ చూడమన్నారు.
జిరాఫీది, నీటిగుర్రానిది, పేరు పలకడం రాని చిలకది.
"జబ్బు బయటికి చెప్పుకునేది అడవిలో బతకదమ్మా,
దాచిపెట్టింది ఎక్కడ జారిపోతుందో అక్కడ చూడు"
అనేది జెసింత మేడం.
రెండో ఏడు పులి నాకు తోక ఇచ్చింది,
ఊచల సందులోంచి,
నాలుగు నెలలు మాంసం ముక్క చూపించి చూపించి అలవాటు చేస్తే.
తోక నరంలోంచి తీసిన ఆ రక్తం
ఎందుకో వేరేగా ఉంటుందనుకున్నాను.
సీసాలో వెచ్చగా, ఆవుదిలాగే ఉంది.

ఐదుసార్లు పొడిగించారు. ఆరోసారి బడ్జెట్ లేదన్నారు.
పరీక్ష రాసి ఇక్కడికొచ్చాను:
గొర్రెలకు చిటుక రోగం, నీలినాలుక,
గేదెలకు పొదుగువాపు,
చివరి గడిలో మూడేళ్లూ సున్నా.
ఆ సున్నాని శ్రద్ధగా దిద్దేదాన్ని,
లోపల ఏదో ముడుచుకుని పడుకున్నట్టు.

కార్తీకంలో ఒక రాత్రి
ఫారెస్టు షాహిద్ గోనెసంచి దించాడు.
సంచిలో సున్నా.
అలుగు.
ముందుకాలికి ఉచ్చుతీగ, ఎముక దాకా.
తాళంచెవి లోపలే ఉంచి
తలుపేసుకున్న ఇల్లులా ఉంది.

అటెండరు మాలకొండయ్య
కోడెల్ని ఒంటిచేత్తో పడేసినవాడు.
"ఇప్పమంటారా మేడమా?"
"మనం విప్పకూడదు. అదే విప్పుకోవాలి."
"యా పొద్దుకి?"
ఆ జవాబు నా సర్టిఫికెట్లలో దేన్లోనూ లేదు.
మత్తు గ్యాసు యంత్రం చుట్టుపక్కల ఎక్కడా లేదు.
ఫోన్ చేస్తే జెసింత మేడం
నిద్రగొంతుతో ఒకే మాటంది:
"లైటు ఆర్పి కూర్చో."

ఆర్పాం.
చీకట్లో ముగ్గురం మనుషులం, నాలుగోది ఊపిరి.
మాలకొండయ్య ఎక్కణ్ణుంచో చెదలు తవ్వుకొచ్చాడు,
కోడిగుడ్డు సొనలో కలిపి
వాళ్లావిడ చెక్కిన నర్ది గరిటెలో పోశాడు.
దుర్గం కింద వీధిలో ఆమె రోజుకి ఇరవై గరిటెలు చెక్కుతుంది.
ఇంత లోతైనది చెక్కితే కొనేవాళ్లు లేరట.

రెండింటికి
పొలుసు మీంచి పొలుసు జరిగింది,
ఎవరో పాత బిళ్లలు లెక్కపెట్టుకుంటున్నట్టు.
తర్వాత నాలుక.
జానెడు తడి దారం
గరిటె అడుగు దాకా వెళ్లి, వెనక్కొచ్చి, మళ్లీ.
నా మెడ మీద దోమ తన పని తాను చేసుకుపోయింది.
అప్పుడు కాలు చాపింది.
నాకివ్వడానికి కాదు, గరిటె దగ్గరికి లాక్కోవడానికి.
అంత సందు చాలు.
తీగ కత్తిరించాను. కడిగాను.
రెండు గోళ్లు పోయాయి. మూడోది ఉంటుంది.

పంతొమ్మిది రాత్రుల తర్వాత దుర్గం వెనక వదిలాం.
వెనక్కి తిరిగి చూడలేదు.
షాహిద్ కొంచెం చిన్నబుచ్చుకున్నాడు.
నేను మాత్రం కేసు షీటులో రాసుకున్నాను:
ఆరోగ్యంగా ఉంది.

నెలాఖరు నివేదికలో, ఇతరములు: 1.
నెల్లూరు ఆఫీసు నుంచి గుమాస్తా ఫోన్:
"మేడం, పొరపాటున ఒకటి పడినట్టుంది.
కొట్టేయమంటారా?"
"ఉంచండి."

బయట ఎండలో జీవాలు బారుతీరి దగ్గుతున్నాయి.
కిటికీలో మాలకొండయ్య గరిటె ఆరబెడుతున్నాడు.
మూడుసార్లు తోమినా అంచున పచ్చటి మరక.
"పోదు మేడమా," అన్నాడు.
"చెక్క తాగేసింది."