నామినీ గడి

దొండపర్తి షోరూంలో అద్దాల తలుపు పక్కన నా బల్ల.
బండి రంగు ఎంచుకోవడం అయ్యాక,
తాళంచెవి చేతికి రాకముందు,
అందరూ నా దగ్గరే ముఖం ముడుచుకుంటారు.

ఎల్లాజీకి మొన్ననే పందొమ్మిది నిండాయి.
లైసెన్సు జేబులో ఇంకా వేడిగా ఉంది.
ఫిషింగ్ హార్బర్లో ఐసు మోస్తాడు,
వైశాఖం ఎండలో కూడా
అరచేతులు నానిన అట్టల్లా ఉన్నాయి.

"ఏడువేల నూట నలభై" అన్నాను.

"ఏటి మేడమ్, బండింకా తోలనేదు,
అప్పుడే ఎవుణ్ణో గుద్దీసినట్టు అడుగుతన్నారు!"

బల్ల మీద వేలితో లెక్క గీశాడు.
పెట్టె మోస్తే పన్నెండు రూపాయలు.
ఆరొందల పెట్టెలకి అయిదు తక్కువ.
"నెమ్మదిగా తోల్తాను. కొంచెం తగ్గించండి."

నెమ్మదికి ఈ ఫారంలో గడి లేదు నాయనా.
నువ్వు గుద్దితే ఎదుటివాడికి అయిదేళ్ళు,
నీ బండికి సొట్టపడితే ఒక ఏడాది,
నువ్వే పోతే పదిహేను లక్షలు.
టిఫిన్ సెంటర్లో ఇడ్లీ, గారె, పూరీ అన్నట్టు
ఒక్క ఊపిరిలో చెప్పేయడం
నాకు తొమ్మిదేళ్ళుగా అలవాటు.

అప్పటిదాకా కొత్త బండి అద్దంలో
క్రాఫు దువ్వుకుంటున్న పోలరాజు ఇటు తిరిగాడు.
"పదేను లచ్చలే! ఒరే,
బతికున్నోడివి, నీకెవుడైనా పదేనొందలు అప్పిచ్చాడేట్రా?"

ఇద్దరూ పడీపడీ నవ్వారు.
నేను నామినీ గడి దగ్గర పెన్ను ఆపి కూర్చున్నాను.

చెల్లెలి పేరు చెప్పాడు. జ్యోత్స్న.
ఎక్కడ ఏ అక్షరమో ఫోన్లో వెతికి మరీ చెప్పాడు.
వయసు పదకొండు.
మైనరుకి డబ్బు నేరుగా ఇవ్వరు,
అందుకునే పెద్దవాళ్ళొకరు కావాలన్నాను.
"అయితే ఈడి పేరు రాసీండి."

పోలరాజు నవ్వు ఆగింది.
"నేనూ దీని మీదే ఉంటాను కదరా,
నీ ఎనకాల."

ఏసీ చప్పుడు వినబడింది కాసేపు.
బయట పోర్టు వైపు పోయే ట్రైలరు ఒకటి
అద్దాలన్నిటినీ వణికించి పోయింది.

ఎల్లాజీ నన్ను చూశాడు.
"మీరైతే కుర్చీలోనే ఉంటారు కదా మేడమ్,
మీ పేరు రాసుకోండి."

నా స్కూటీ బయట వేపచెట్టు కింద ఉంది.
దాని పాలసీ మార్చిలోనే చచ్చిపోయింది.
పిల్లాడి ఫీజా ఇదా అంటే, ఫీజు కట్టాను.
ఇది ఎవరికీ చెప్పలేదు.
"నేను కుదరదు" అన్నాను, రూలు చెబుతున్నట్టు.

అప్పుడు గుర్తొచ్చింది వాడికి, మేనత్త నూకాలు.
ఎండుచేపల గంపతో
జాలారిపేట నించి పూర్ణా మార్కెట్టు దాకా
నడిచే వెళ్తుంది, నడిచే వస్తుంది.
బండెక్కితే కళ్ళు తిరుగుతాయట.
రాశాను. నూకాలు, యాభై రెండు, మేనత్త.
ఆ ఫారం మొత్తంలో
కాళ్ళ మీద ఉన్న మనిషి ఆమె ఒక్కతే.

సాయంత్రాలు సంచీ తగిలించుకుని
సిరిపురంలో బిర్యానీలు అందిస్తావా అని అడగాలి.
అద్దెపనికి తిరిగితే ఈ కాగితం పలకదు.
అడగలేదు. వాడి దగ్గర మిగిలినవి మూడొందలు.

ఆ మూడొందలతో తిన్నగా
ఆశీల్‌మెట్టలో వినాయకుడి గుడికి పోయారు.
అక్కడ బేరమాడి ఉండడు.
చక్రాల కింద రెండు నిమ్మకాయలు,
హ్యాండిల్‌కి బంతిపూలు, ఒక కొబ్బరికాయ.
ఫారాలు లేవు. అపాయింటీ అక్కర్లేదు.

ఎనిమిదింటికి నేనూ అటే వెళ్ళాను.
గుడి ముందు తారంతా నలిగిన నిమ్మచెక్కలు,
ఏది ఏ బండిదో తెలీదు.
నా చక్రం ఒకదాని మీద కొంచెం జారింది.
కాలు కింద పెట్టి ఆపుకున్నాను.
వెనక బస్సువాడు హారన్ కొడుతూనే ఉన్నాడు.