పోయిన వస్తువుల కిటికీ

ఇస్తాంబుల్‌లో, కదికోయ్ రేవులో
టికెట్ గేట్ల పక్కన మూడడుగుల కిటికీ నాది.
గొడుగు పోయిందంటే రంగు తర్వాత అడుగుతాను.
దేంట్లో పోయింది? ముందు అది తేలాలి.

వాపూర్ అంటే మా పై అంతస్తుకే ఫోను.
ఆవిరి మీద పుట్టిన పేరు.
ఆవిరి పోయి డీజిలొచ్చి ఎన్నేళ్లయిందో గాని
పేరు మాత్రం ఇంకా పొగలు కక్కుతూనే ఉంది.
మోటార్ అంటే ప్రైవేటు వాళ్ల చిన్న పడవ,
గాలి తిరిగితే టీ గ్లాసు ఒళ్లోకొస్తుంది.
వాళ్ల ఫోను ఎవరూ ఎత్తరు.
ఫెరిబోట్ అంటే బండ్లు ఓడెక్కేది.
పోయింది ఓడలోనా, ఓడలోని బండిలోనా
అని ఇంకోసారి అడగాలి.

దోల్ముష్ అంటే చేతులెత్తేస్తాను.
పడవ కూడా కాదది, రోడ్డు మీది వ్యాను;
పేరుకి అర్థం, నిండిపోయింది అని.
నిండితే గాని కదలదు.
అందులో మరిచిన గొడుగు ఈపాటికి
ఇంకెవరి వానలోనో తడుస్తుంటుంది.

నిన్న మధ్యాహ్నం షుకూఫె గారు వచ్చారు.
ముదురాకుపచ్చ కోటు, ఒక చేతికే ఉన్ని తొడుగు.
"రెండోది గెమీలో పోయింది, నాయనా."
గెమీ అంటే ఓడ. సముద్రాలు దాటేది.
మా రేవుకి ఓడ రాదమ్మా, అన్నాను,
మీరెక్కింది వాపూర్, ఇరవై నిమిషాల దారి.

అక్షరాలు రానివాణ్ణి చూసినట్టు చూశారు.
"సాయంత్రానికి తిరిగొచ్చేదాన్ని వాపూర్ అంటారు.
దాన్లోంచి ఎవరూ చెయ్యి ఊపరు.
పొద్దున ఎనిమిదీ ఐదుకి మా చెల్లెల్ని
అవతలి ఒడ్డున ఆసుపత్రికి తీసుకెళ్లాను.
చలి, లోపలికి రమ్మంటే రాదే!
కమ్మీ పట్టుకుని, మా వీధి కనబడినంతసేపూ
చెయ్యి ఊపుతూనే నిలబడింది.
నాకు టికెట్ల తేడా తెలుసు.
నువ్వు గెమీ అనే రాసుకో."

ఫారంలో అచ్చేసిన గళ్లు నాలుగు.
గెమీకి గడి లేదు.
అంచున రాశాను, ఆమె చూస్తుండగా.
ఆమె వెళ్లాక కింద పెన్సిల్‌తో, చిన్నగా,
ఎనిమిదీ ఐదు వాపూర్.
వెతికేవాళ్లకి తెలియాలిగా.

ఇవాళ తాళ్లు విసిరే వెయ్‌సెల్ తెచ్చిచ్చాడు,
మూడో బెంచీ కింద దొరికిందట,
బొటనవేలు దగ్గర ఒకసారి రఫూ చేసిన తొడుగు.
తగిలించడానికి చీటీ తీశాను.
'దొరికిన చోటు' అని ఉంది దాని మీద.
వెయ్‌సెల్ పోసిచ్చిన టీ
పక్కనే చల్లారిపోయింది.